గాలి, నీడ, ఆకలి, అప్పు: వీటిలో భావనామాలు ఏవి? ఐదో తరగతికి ఎలా చెప్పాలి?

బడిపంతులమ్మ, విజయనగరం జిల్లా:

అందరికీ నమస్కారం. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఐదో తరగతికి తెలుగు, ఇంగ్లీషు రెండూ నేనే చెబుతాను. ఇంగ్లీషు వ్యాకరణంలో నౌన్ల రకాలు వచ్చాయి. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్ వరకు పిల్లలు హాయిగా పట్టేశారు. ఐదోది, అబ్‌స్ట్రాక్ట్ నౌన్ దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఆగిపోయింది.

గైడులో ఉన్న నిర్వచనం ఇది: చేత్తో తాకలేనివి, కంటితో చూడలేనివి, మనసుకు మాత్రమే తెలిసేవి. ఉదాహరణలు ప్రేమ, నిజాయితీ, ధైర్యం. అది బోర్డు మీద రాసి, మీరూ కొన్ని చెప్పండర్రా అన్నాను. వరసగా వచ్చినవి: గాలి, నీడ, పాట, వాసన, ఫోన్ సిగ్నల్, దెయ్యం. ఒక్కదాన్నీ తోసిపుచ్చలేం. గాలిని ఎవరు చూశారు? నీడను ఎవరు పట్టుకున్నారు? గైడు మాట ప్రకారం పిల్లలు చెప్పినవే కరెక్టు.

ఈలోగా వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పాప లేచి, "అప్పును ముట్టుకోగలమా మేడం?" అని అడిగింది. పక్కవాడు "డబ్బులు ముట్టుకుంటాం కదే" అన్నాడు. "డబ్బులు అయిపోయాయి. అప్పు ఉంది కదా" అంది. ఆ పిల్లకు సరైన జవాబు చెప్పాలని నా ఆరాటం.

తెలుగులో దీన్ని భావనామం అనాలా, గుణవాచకం అనాలా? ఏది అవునో ఏది కాదో పిల్లలు తమంతట తామే తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా? ఆకలి, నొప్పి, నిద్ర లాంటివి ఎటు వేయాలి? పట్టీ ఇచ్చి కంఠస్థం చేయించడం నాకు ఇష్టం లేదు. అలా నేర్చింది పరీక్ష దాకానే ఉంటుంది. పెద్దలు, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.


డీఎస్సీ అభ్యర్థి:

మేడం, భావనామం అంటే సరిపోతుంది. మాట చివర చూస్తే తెలిసిపోతుంది. తనం (మంచితనం, సోమరితనం), రికం (పేదరికం, చుట్టరికం), త్వం (మానవత్వం), త (మానవత), మి (కలిమి, లేమి, చెలిమి), క (కోరిక, ఓపిక), కం (నమ్మకం, వాడకం), పు (గెలుపు, ఓర్పు). బిట్లలో ఎక్కువగా ఇవే అడుగుతారు. ఈ తోకలు నేర్పించేస్తే పిల్లలు గుర్తుపట్టేస్తారు.


రిటైర్డ్ తెలుగు టీచర్, నంద్యాల:

అమ్మా, ముందు ఆ వెనక బెంచీ పాపకు నా ఆశీస్సులు చెప్పండి. అంత సూటి ప్రశ్న హైస్కూలు పిల్లలు కూడా అడగరు. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ పాఠం మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అభ్యర్థిగారు ఇచ్చిన ప్రత్యయాలు పనికొచ్చేవే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్ధిత పరిచ్ఛేదం, కృదంత పరిచ్ఛేదం అని రెండు ఉన్నాయి. నామం నుంచి, క్రియ నుంచి కొత్త మాటలు ఎలా పుడతాయో వాటిలో చెప్పాడు. పెద్ద నుంచి పెద్దరికం, కలుగు నుంచి కలిమి, ఓర్చు నుంచి ఓర్పు. కానీ చివరి అక్షరాన్ని చూసి తీర్పు చెబితే కలిమి, చెలిమి పక్కన కొలిమి కూడా వచ్చి కూర్చుంటుంది. కొలిమిని ముట్టుకుంటే చేయి కాలుతుంది. కోరిక, తీరిక సరే, మరి చొక్కా మీద మరక సంగతేమిటి? పైగా కోపం, సిగ్గు, పగ, బెంగ, సెలవు, అప్పు లాంటి వాటికి మీరు చెప్పిన తోక ఏదీ లేదు. ఐదో తరగతి పిల్లలు రోజంతా వాడేవి ఈ మాటలే. 'మానవత్వం' అని ఇంట్లో ఎవరంటారు?

గాలి సంగతి చూద్దాం. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే వాళ్లందరూ చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. వాయువుకు ఆయన చెప్పిన లక్షణం రెండు ముక్కలు: రూపం లేదు, స్పర్శ ఉంది. పిల్లల చేత తమ మణికట్టు మీద తామే ఊదించండి. చల్లగా తగిలిందా? అయితే గాలి ఈ పాఠంలోది కాదు. నీడ కంటికి దొరుకుతుంది, వాసన ముక్కుకు, పాట చెవికి. గైడు కన్నూ చెయ్యీ రెండే చెప్పి ముక్కునూ చెవినీ నాలుకనూ వదిలేసింది. చిక్కంతా అక్కడ వచ్చింది. ఐదింటిలో దేనికి దొరికినా తీసేయండి అని చెబితే మీ బోర్డు సగం ఖాళీ అవుతుంది.

సిగ్నల్ మన ఒంటికి తెలియదు, నిజమే. ఫోన్‌కు తెలుస్తుంది, గీతలు గీసి చూపిస్తుంది. పరికరం పట్టుకోగలిగిందీ మన పాఠంలోది కాదు. దెయ్యం ఉందా లేదా అనే వాదనలోకి వెళ్లకండి. ఉందనేవాళ్లు కూడా దానికి తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి, కంటికి కనబడినట్టే చెబుతారు. కాబట్టి అది మామూలు జాతివాచకం. దెయ్యం పేరు చెప్పగానే పిల్లలకు కలిగే భయం ఉందే, అది భావనామం.

ఇక అప్పు. మా నంద్యాల పక్క పల్లెల్లో ఈ మాట తెలియని పిల్లవాడు ఉండడు. ప్రామిసరీ నోటును చూపించి చెప్పండి, నోటు లేకపోతే తెల్లకాగితం చాలు. ఈ కాగితాన్ని ముట్టుకోవచ్చు, స్టాంపును ముట్టుకోవచ్చు, తెచ్చుకున్న నోట్లను లెక్కపెట్టుకోవచ్చు. కాగితం ఎలకలు కొట్టేస్తే అప్పు పోతుందా? పోదు, తీసుకున్నవాడికి తెలుసు, ఇచ్చినవాడికి తెలుసు. కాగితం భద్రంగా బీరువాలో ఉండగానే ఇచ్చినాయన "పోనీలేరా, ఇవ్వొద్దు" అంటే అప్పు ఉంటుందా? ఉండదు. కాగితానికి ఏమీ కాలేదు, అప్పు మాత్రం పోయింది. మూడేళ్లపాటు కట్టకుండా, తిరగరాయకుండా ఉంటే నోటుకు కాలదోషం పట్టిందంటారు. కోర్టుకు పోయినా చెల్లదు. కాలదోషాన్ని ఎవరు చూశారు? కాగితం రంగు కూడా మారలేదు. పాప అన్నట్టు డబ్బులు అయిపోయాయి, అప్పు ఉంది. ఆ వాక్యాన్నే బోర్డు మీద రాసి నిర్వచనంగా వాడుకోండి, గైడు కంటే మేలు.

'గుణవాచకం' అనే పేరు వద్దంటాను, ఎందుకంటే తెలుపు, తీపి కూడా గుణాలే. అవి కంటికీ నాలుకకూ తెలుస్తాయి, కానీ మల్లెపువ్వును వదిలి తెలుపు విడిగా నిలబడదు. ఇంగ్లీషు వ్యాకరణం అలాంటివాటినీ అబ్‌స్ట్రాక్ట్ కిందే వేస్తుంది. మన తార్కికులు 24 గుణాలు లెక్కపెట్టినప్పుడు రూపం, రసం, గంధం ఉన్న పట్టీలోనే సుఖం, దుఃఖం, ఇచ్ఛ, ద్వేషం కూడా చేర్చారు. ఐదో తరగతిలో మీరుగా ఈ గొడవ ఎత్తకండి. ఎవరైనా పిల్లవాడు అడిగితే మాత్రం దాచకుండా చెప్పండి.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు మొదలవుతుంది. నిర్వచనంతో ఈ పాఠం రాదు. క్రియతో వస్తుంది. కనబడని ప్రతి మాటకూ తెలుగులో ఒక క్రియ జతగా ఉంటుంది, ఆ జత పిల్లలకు బడికి రాకముందే వచ్చు. ఆకలి వేస్తుంది. దాహం వేస్తుంది. భయం, సిగ్గు, జాలి, చలి, ఇవన్నీ వేస్తాయి. కోపం మాత్రం వేయదు, వస్తుంది. నిద్ర, ఏడుపు, విసుగు, అనుమానం కూడా వచ్చేవే. ఆశ పుడుతుంది, అసూయ పుడుతుంది. దిగులు పట్టుకుంటుంది. పౌరుషం పొడుచుకొస్తుంది. "నాకు కోపం వేసింది" అని చెప్పి చూడండి, నాలుగేళ్ల పిల్లవాడు కూడా మొహం అదోలా పెడతాడు. ఎవరు నేర్పారు వాడికి? మీరు చేయాల్సిందల్లా వాడికి వచ్చినదాన్ని వాడికే చూపించడం.

ఒక పీరియడ్ ఇలా నడిపించండి. బోర్డు మీద నాలుగు గడులు గీసి పైన 'వేస్తుంది', 'వస్తుంది', 'పడతాం', 'చేస్తాం' అని రాయండి. మాటలు పిల్లలే తెచ్చి గడుల్లో వేయాలి. 'పడతాం' గడి నిండిపోతుంది చూడండి: బాధపడతాం, కష్టపడతాం, ఇష్టపడతాం, ఆశపడతాం, గర్వపడతాం, తొందరపడతాం. 'చేస్తాం' కింద ధైర్యం, సాహసం, మోసం, ఆలస్యం వస్తాయి. అప్పుడు ఎవడో ఒకడు తప్పకుండా లేస్తాడు: "సిగ్గు రెండు గడుల్లోనూ వస్తోంది టీచర్!" వస్తుంది. నాకు సిగ్గేసింది, నేను సిగ్గుపడ్డాను. మొదటి వాక్యంలో సిగ్గు దానంతటదే వచ్చి మీద పడింది. రెండో దాంట్లో నేను కర్తను. ఎక్కడ 'నాకు', ఎక్కడ 'నేను' అన్నది కూడా అక్కడికక్కడే తేలిపోతుంది. భయం, జాలి, ఆశ్చర్యం కూడా అలాంటివే. ఈ ఒక్క తేడా పట్టుబడితే పై తరగతుల్లో కర్త, కర్మ చెప్పేటప్పుడు మీ పని సగం తగ్గుతుంది.

ఇంకో పీరియడ్ చేతులతో చేసే పనులు తీసుకోండి. ఇవ్వడం, తీయడం, మింగడం, మోయడం, వదలడం, విరగడం. ఇవన్నీ వస్తువులకు చేసే పనులు కదా. మరి మాట ఇచ్చాడు, పరువు తీశాడు, కోపం దిగమింగాడు, బాధ్యత మోశాడు, ఆశ వదులుకున్నాడు, మనసు విరిగింది. చేతికి దొరకని వాటితో కూడా మనం చేతిపనులే చేస్తున్నాం. 'మాట' దగ్గర కాసేపు ఆగండి. "మాట వినబడలేదు" అన్నప్పుడు అది చెవికి దొరికే చప్పుడు. "మాట తప్పాడు" అన్నప్పుడు అందులో చప్పుడు లేదు. ఒకే మాట ఒక వాక్యంలో భావనామం, ఇంకో వాక్యంలో కాదు. 'పేరు' కూడా అంతే: పేరు రాశాడు, పేరు పోగొట్టుకున్నాడు. అందుకే విడి మాటలిచ్చి టిక్కు పెట్టమనే ప్రశ్నలంటే నాకు ఒళ్లు మంట. వాక్యం ఇవ్వకుండా జవాబు అడగకూడదు.

'మనసుకు మాత్రమే తెలిసేవి' అన్న గైడు ముక్కను మాత్రం పారేయకండి, కాస్త సాగదీయండి. నా కోపం నా మనసుకు నేరుగా తెలుస్తుంది. మీ కోపం నాకెలా తెలుస్తుంది? కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు పెరిగింది, తలుపు ధడాలుమంది, కాబట్టి కోపంగా ఉన్నారని ఊహిస్తాను. పొగను చూసి నిప్పును ఊహించడం లాంటిదే. తర్కంలో దీన్నే అనుమానం అంటారు. ఒక పిల్లను బయటికి పంపి చెవిలో ఒక భావం చెప్పండి. మాట లేకుండా మొహంతో చూపించమనండి. తక్కినవాళ్లు పేరు చెప్పగానే "ఎలా తెలిసింది?" అని తప్పకుండా అడగండి. మూతి ముడిచింది, గోరు కొరికింది, తల దించుకుంది అని కంటికి కనబడేవే చెబుతారు. కనబడినవి ఒక వరస, కనబడని దాని పేరు ఎదురుగా ఒక వరస రాయించండి. పాఠం అయిపోయినట్టే.


కరీంనగర్ నుంచి ఒక టీచర్:

నంద్యాల మేడం గారూ, చాలా బాగా చెప్పారు. ఒక్క మాట కలపాలి. మా పిల్లలకు పుస్తకంలోని ఆందోళన, వేదన, ప్రశాంతత పరాయివిగా తోస్తాయి. ఇంట్లో వాళ్లు వినేవి రంది (దిగులు), గోస (బాధ), నిమ్మలం (ప్రశాంతత), యాష్ట (విసుగు), సోయి (స్పృహ), తన్లాట (ఆరాటం). "రంది పెట్టుకోకు బిడ్డా" అనని అవ్వ మా దిక్కు ఉండదు. మీ క్రియల పద్ధతి వీటికీ అచ్చంగా కుదురుతోంది: రంది పెట్టుకుంటం, గోస పడతం, యాష్టకొస్తది, సోయి తప్పుతది, నిమ్మలంగ ఉంటం.

'పావురం' అని ఇంకోటి. మా దగ్గర పావురం అంటే ప్రేమ, మమకారం. "అమ్మమ్మకు నేనంటే పావురం" అని రాసిన పిల్లకు మార్కులు కోసేసి, పక్కన పక్షి బొమ్మ వేసిన పేపర్ నేను చూశాను. దిద్దినాయన వేరే ప్రాంతం ఆయన. ఎగిరే పావురం చేతికి దొరుకుతుంది, అమ్మమ్మ పావురం దొరకదు. ఈ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఉంటుందా? ఇంటి మాటలు తెమ్మని పిల్లలకు పని ఇవ్వండి. అవ్వను, తాతను అడిగి రాసుకొస్తారు.


జీవశాస్త్రం మాస్టారు, గుంటూరు:

మేడం, మీ పరికరం సూత్రం మీద నాకు అభ్యంతరం ఉంది. ఆకలి వేసేటప్పుడు పొట్ట నుంచి ఘ్రెలిన్ అనే హార్మోన్ రక్తంలో పెరుగుతుంది. 1999లో కనిపెట్టారు, పరీక్ష చేసి కొలవొచ్చు. పరికరం పట్టుకోగలిగింది భావనామం కాదంటే ఆకలి తీసేయాలి. భయం వేస్తే గుండె వేగం పెరుగుతుంది, అదీ కొలవొచ్చు. భయం కూడా తీసేస్తారా?


రిటైర్డ్ తెలుగు టీచర్, నంద్యాల:

మాస్టారూ, మంచి అభ్యంతరం. మీ పరికరం కొలిచింది ఘ్రెలిన్‌ను, గుండె వేగాన్ని. ఆకలినీ భయాన్నీ కాదు. మైదానంలో కబడ్డీ ఆడుతున్న పిల్లవాడికి మధ్యాహ్నం రెండైనా ఆకలి గుర్తుకు రాదు. అప్పుడు రక్తం తీస్తే మీ లెక్క ఏం చెప్పినా సరే, "ఆకలేస్తోందా?" అంటే వాడు లేదంటాడు, వాడి మాటే చెల్లుతుంది. అలాగే గుండె పరుగెత్తినా పెరుగుతుంది, భయపడినా పెరుగుతుంది. రెండింటిలో ఏదో యంత్రం చెప్పలేదు, మనిషి చెప్పాలి. నేను పైన రాసినట్టు పొగ నుంచి నిప్పును ఊహించడం ఇక్కడా జరుగుతోంది, కాకపోతే పొగను చూసేది యంత్రం. సిగ్నల్‌కు ఆ ఇబ్బంది లేదు. ఫోన్ పట్టుకున్నది సిగ్నల్‌నే.

మీరు లేవనెత్తిన దాంట్లో ఒకటి మాత్రం నిలుస్తుంది. ఆకలి, నొప్పి, చలి ఒంట్లో ఫలానా చోట తెలుస్తాయి. "ఎక్కడ నొప్పి?" అంటే మోకాలు చూపిస్తాం. "ఎక్కడ పగ?" అంటే చూపించడానికి చోటు లేదు. ఈ గుంపును నేను బోర్డు మీద విడిగా పెడతాను, పరీక్షలో అడగను. చలికి నా పరీక్ష పెడితే చర్మానికి దొరికినట్టే, క్రియ చూస్తే భయం, సిగ్గులతో పాటు 'వేస్తుంది'. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు" అన్న సామెత పిల్లలకు ఇచ్చి చూడండి. ఆరు మాటల్లో ఒంటికి తెలిసేవి ఏవి, మనసుకు తెలిసేవి ఏవి అని వాదించుకోనివ్వండి. ఐదో తరగతికి 'వలపు' ఎందుకనుకుంటే మొదటి రెండు ముక్కలు చాలు.


డల్లాస్‌లో తెలుగు అమ్మ:

ఈ చర్చ చదువుతుంటే మా బాబు గుర్తొచ్చాడు. ఏడేళ్లు, పుట్టింది ఇక్కడే. తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ "నేను చలిగా ఉన్నాను", "నేను ఆకలిగా ఉన్నాను" అంటాడు. దిద్దితే ఆ రోజుకు మానేసి మర్నాడు మళ్లీ అదే. ఇంగ్లీషులో అలా అంటారు కాబట్టి వస్తోందని తెలుసు. మేడం, ఏం చేయాలి?


రిటైర్డ్ తెలుగు టీచర్, నంద్యాల:

అమ్మా, దిద్దడం ఆపేయండి. మీరు అడిగే ప్రశ్న మార్చండి. "ఆర్ యూ హంగ్రీ?" అని గానీ "ఆకలిగా ఉన్నావా?" అని గానీ అడిగితే వాడి జవాబు ఆ మూసలోనే వస్తుంది. "నీకు ఆకలేస్తోందా, దాహమేస్తోందా?" అని అడగండి. "వేస్తోంది" అనే ముక్క ప్రశ్నలోనే ఉంది కాబట్టి జవాబులోకి అదే దిగుతుంది. రాత్రి పడుకునే ముందు "ఇవాళ నీకు కోపం ఎప్పుడొచ్చింది? భయం ఎప్పుడేసింది?" అని కబుర్లు పెట్టుకోండి. వాడు తెలుగులో చెప్పలేక ఇంగ్లీషులో చెప్పినా వినండి, మీరు మాత్రం తెలుగులోనే "ఓహో, అప్పుడు నీకు ఏడుపొచ్చిందా?" అంటూ ఉండండి. ఊళ్లో పిల్లలకు ఈ జతలు వచ్చింది ఇంట్లో వినీ వినీ. వాడికి వినిపించే మనుషులు అక్కడ తక్కువ, అమ్మమ్మ, నాయనమ్మ ఫోన్‌లో దొరికితే వాళ్లతోనూ ఇదే ఆట ఆడించండి.


డీఎస్సీ అభ్యర్థి:

మేడం, కొలిమి, మరక ఉదాహరణలు నోట్సులో రాసుకున్నాను. ఒక సందేహం. ప్రాధాన్యం రైటా, ప్రాధాన్యత రైటా? పేపర్లో రెండూ చూస్తున్నాను. కోచింగ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.


రిటైర్డ్ తెలుగు టీచర్, నంద్యాల:

బాబూ, ప్రాధాన్యం. ప్రధానం అనే మాటకు భావప్రత్యయం చేరినప్పుడే మొదటి అక్షరం సాగి ప్రాధాన్యం అయింది. ధీర నుంచి ధైర్యం, సుందర నుంచి సౌందర్యం, మధుర నుంచి మాధుర్యం, నిపుణ నుంచి నైపుణ్యం, అన్నీ ఇదే దారి. 'ప్రధానత' అన్నా తప్పు లేదు, మామూలుగా వాడం అంతే. త, త్వం రెండింటినీ పాణిని ఒకే సూత్రంలో ఇచ్చాడు: తస్య భావస్త్వతలౌ. అందుకే మానవత, మానవత్వం రెండూ చెల్లుతాయి. ప్రాధాన్యంలో ప్రత్యయం ఒకసారి చేరిపోయింది, దాని మీద మళ్లీ 'త' తగిలించడం అనవసరం. ప్రాముఖ్యత, నైపుణ్యత, వైవిధ్యత కూడా అలాంటివే. ఐక్యత మాత్రం జనం నోళ్లలో బాగా పాతుకుపోయింది. పిల్లవాడు వ్యాసంలో ఐక్యత అని రాస్తే నేనెప్పుడూ మార్కు కోయలేదు. పరీక్షలో నువ్వు మాత్రం ప్రాధాన్యం, ఐక్యం అనే గుర్తించు.


బడిపంతులమ్మ, విజయనగరం జిల్లా:

నంద్యాల మేడం గారికి, కరీంనగర్ టీచర్ గారికి, మాస్టారికి, అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఈ వారం క్లాసులో మీరు చెప్పినట్టే నడిపించాను.

మణికట్టు మీద ఊదుకోవడంతో గాలి తేలిపోయింది. నీడను మాత్రం ఇద్దరు వదల్లేదు, మధ్యాహ్నం ఆరుబయట ఒకడి నీడ మీద ఇంకొకడు నిలబడి వాదించుకున్నారు. "కనబడుతోంది కదరా, ఇంకేం" అని ఒక పిల్ల అనడంతో ఒప్పుకున్నారు. నాలుగు గడులు చాలలేదు, పిల్లలే 'పెట్టుకుంటాం' అని ఐదో గడి అడిగారు. అందులో బెంగ, ఆశ, నమ్మకం, పంతం పెట్టారు. సిగ్గు రెండు చోట్లా వస్తోందని ఒకడు నిజంగానే లేచి చెప్పాడు.

వెనక బెంచీ పాప ఈసారి ముందు వరసలో కూర్చుంది. తెల్లకాగితం మీద నేనే నోటు రాసి, చింపి, అప్పు పోయిందా అని అడిగాను. పోలేదంది. ఇచ్చినవాళ్లు వద్దంటే? పోయిందంది. మరి ఇచ్చినాయన చనిపోతే, అని తనే తిరిగి అడిగింది. వాళ్ల అబ్బాయికి ఇవ్వాలి అని నలుగురు ఒకేసారి అరిచారు. ఒకడు మాత్రం, ఆ సంగతి అబ్బాయికి తెలియకపోతే ఉన్నట్టా లేనట్టా అన్నాడు. ఉన్నట్టే, మనకు తెలుసు కదా అంది పాప. దాని మీద చర్చ గంట కొట్టేదాకా సాగింది. నేను మధ్యలో కల్పించుకోలేదు.

ఇంటి మాటలు తెమ్మన్న పని సోమవారానికి ఇచ్చాను. మా పిల్లల్లో కొందరి ఇళ్లల్లో ఒడియా కూడా మాట్లాడతారు, వాళ్లు ఆ మాటలు తెస్తే వాటికి కూడా క్రియ జత అడగాలని ఉంది. ఒడియా తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆకలి, భయం, కోపం అన్న మూడింటికీ ఒడియాలో ఏ క్రియ వాడతారో కాస్త రాయండి. సోమవారంలోగా అయితే నాకు సాయంగా ఉంటుంది.